అమ్మమ్మ ఎక్కడిదాకా నడిస్తే అక్కడే మండపం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. మినెసోటాలో లేక్ సుపీరియర్ ఒడ్డున, ఆ నల్లరాళ్ల మీద, పాతిక ముప్పై మందితో పెళ్లి. ఇక్కడ మినియాపోలిస్‌లో ఉంటూ ఆ ఒడ్డున మూడు తెలుగు పెళ్లిళ్లకి వెళ్లాను. ఒకదాంట్లో అడ్డుతెర పట్టుకున్న ఇద్దరిలో ఒకదాన్ని నేనే, ఆ కథ కింద చెబుతాను. అందుకని ఈసారి పేజీలన్నీ దీనికే. ఆవకాయ బూజు పట్టిందని రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి, ఈలోపు ఆ జాడీ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: అక్కా, నేనూ నాకు కాబోయే ఆయనా ఇద్దరం మినియాపోలిస్‌లోనే ఉద్యోగాలు చేస్తున్నాం. ఫంక్షన్ హాలు, ఆరు వందల మంది, స్టేజీ ఎక్కడానికి క్యూ, ఇవేవీ వద్దనుకున్నాం. నార్త్ షోర్‌లో, అంటే లేక్ సుపీరియర్ ఉత్తరపు ఒడ్డున, రాళ్ల మీద ముప్పై మందితో చేసుకోవాలని ఉంది. మా అమ్మమ్మ ఇండియా నుంచి వస్తోంది, 78 ఏళ్లు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు.
(ఓ పాఠకురాలు, మినియాపోలిస్)

ఫొటోలు చూసి చోటు ఎంచుకోకమ్మా, అమ్మమ్మని చూసి ఎంచుకో. ఆవిడ కారు దిగి ఎంత దూరం నడవగలదో చూడు, ఎక్కడ ఆగి "ఇక నావల్ల కాదే" అంటుందో అక్కడే నీ మండపం. సెంటిమెంటు కోసం అనడం లేదు, ఆ ఒడ్డు సంగతి తెలిసి అంటున్నాను. డులూత్ దాటాక హైవే 61 పట్టుకుంటే కెనడా సరిహద్దు దాకా సుమారు 150 మైళ్లు కుడిచేతి వైపు సరస్సే, అయినా హాయిగా కాళ్లు పెట్టుకునే ఇసుక ఒడ్డు చాలా అరుదు. ఉన్నదంతా 110 కోట్ల ఏళ్ల కిందట పారి గడ్డకట్టిన లావా. మన వికారాబాద్ వైపు నల్లరాయి చూసే ఉంటావు, ఇదీ ఆ జాతిదే, బసాల్ట్, కాకపోతే దీని వయసు ముందు మనది పసిపిల్ల. పొడిగా ఉన్నంతసేపూ ఆ రాయి చెప్పుని బాగా పట్టుకుంటుంది. తడిసిందా, సబ్బు నీళ్లు పోసిన గచ్చే. నీటి అంచున నల్లగా నిగనిగలాడే చోటు మరీ ప్రమాదం, అందరూ ఫొటో కోసం వెళ్లి నిలబడేది సరిగ్గా అక్కడే.

నేను తిరిగిన చోట్ల గురించి నా అభిప్రాయం ఇది. టూ హార్బర్స్ దాటాక గూస్‌బెర్రీ ఫాల్స్ స్టేట్ పార్కు ఉంది, అక్కడ పిక్నిక్ ఏరియా దగ్గర వెడల్పాటి లావా బండ నీళ్లలోకి మెల్లగా వాలుతూ దిగుతుంది, కారు నుంచి పెద్దగా నడక లేదు, టాయిలెట్లు ఉన్నాయి. ముప్పై మందికి సరిపోతుంది. స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ అందరూ అడుగుతారు, 130 అడుగుల కొండ చరియ మీద ఉంటుంది. 1905 నవంబరు తుపానులో ఈ సరస్సు మీద ఓడలు వరసగా దెబ్బతిన్నాక కట్టించింది, 1910లో దీపం వెలిగింది. అందమే, కానీ ఎండాకాలం టూరిస్టులు చీమల్లా ఉంటారు, నీ జీలకర్ర బెల్లం సమయానికి నిక్కర్లు వేసుకున్న నలభై మంది వెనకాల నిలబడి వీడియో తీస్తుంటారు. సిల్వర్ బే దగ్గర పాలిసేడ్ హెడ్ అని ఉంది, సరస్సుకి 300 అడుగుల ఎత్తున రాతి అంచు, రెయిలింగ్ లేదు. పిల్లలు వచ్చే పెళ్లికి వద్దు. నేను వచ్చే పెళ్లికి కూడా వద్దు. ఐయోనాస్ బీచ్‌లో గులాబీ రంగు గులకరాళ్లు, కెరటం వెనక్కి లాగినప్పుడల్లా గాజులు కదిలినట్టు గలగలమంటాయి, చూసి తీరాల్సిన చోటే. కానీ అది రక్షిత స్థలం, ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకూడదు, పెళ్లి సామాను దించే చోటు అసలే కాదు. ముందురోజు సాయంత్రం అందరినీ తీసుకెళ్లి చూపించి వచ్చెయ్. ఇంకా పైకి గ్రాండ్ మరే ఊళ్లో రేవు పక్కనే ఒడ్డు ఉంది, హోటళ్లు నడిచే దూరంలో ఉంటాయి, నాకెంతో ఇష్టం, కాకపోతే మినియాపోలిస్ నుంచి నాలుగున్నర గంటల కారు ప్రయాణం. ఇండియా నుంచి ఇరవై నాలుగు గంటలు విమానాల్లో కూర్చుని వచ్చిన ఆవిడని మళ్లీ అంతసేపు కూర్చోబెడతావా, నువ్వే ఆలోచించు.

నన్నడిగితే పార్కు కూడా రెండో మాటే. సొంత ఒడ్డు ఉన్న క్యాబినో, చిన్న రిసార్టో మూడు రోజులకి తీసుకో. పార్కులు ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకే, మద్యం కుదరదు (మీ మావయ్యలకి ముందే చెప్పెయ్), పెళ్లికి పార్కు ఆఫీసు నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి, ప్రతి కారుకీ పర్మిట్ కొనాలి, ఇన్ని చేసినా ఆ బండ నీ ఒక్కదానిదీ అయిపోదు. క్యాబిన్ అయితే వంటిల్లు, హీటరు, బాత్‌రూం, మంచం అన్నీ ముప్పై అడుగుల్లో ఉంటాయి. వాన పడితే లోపలికి వెళ్లిపోవచ్చు. ఈ ఆఖరి మాట మీద ఎంత చెప్పినా తక్కువే, ముప్పై మంది కూర్చోగల పైకప్పు దగ్గర్లో లేని చోటుకి అడ్వాన్సు ఇవ్వకు. "వాన పడదులే అక్కా" అని ఓ అబ్బాయి నాతో అన్నాడు. నిజంగానే వాన పడలేదు, పొగమంచు దిగింది, ఇరవై అడుగుల అవతల ఉన్న పెళ్లికొడుకు కనపడలేదు.

ఎప్పుడు అన్నావు. జూన్ అంటే మినియాపోలిస్‌లో ఎండాకాలం, అక్కడ కాదు. ఈ సరస్సు నీళ్ల సగటు ఉష్ణోగ్రత ఏడాది మొత్తం మీద 4 డిగ్రీల చిల్లర, మన ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసా ఎంత చల్లగా ఉంటుందో అంత. తూర్పు గాలి కొట్టిందంటే ఆ చలంతా ఒడ్డు మీదికి వస్తుంది, కొండ అవతల 27 డిగ్రీలున్న రోజున ఒడ్డున 12, 13 చూశాను. డులూత్ వాతావరణం చెప్పేవాళ్లు రోజూ "సరస్సు దగ్గర ఇంకాస్త చలి" అని తోక తగిలిస్తారు, అది ఊరికే అనే మాట కాదు. పైగా మే, జూన్లలో నల్ల ఈగలు, దోమలు. జూలై ఆఖరు నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఒడ్డు మనుషులకి అనువుగా ఉంటుంది. మన అదృష్టం ఏమిటంటే శ్రావణం సుమారుగా ఆ రోజుల్లోనే వస్తుంది, అధిక మాసం పడిన ఏడు ఇంకాస్త వెనక్కి జరిగి సెప్టెంబరులోకి కూడా వస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలు లేవని ఏడ్చేవాళ్లు ఈ ఒక్క ఒడ్డు విషయంలో ఆషాఢానికి దణ్ణం పెట్టుకోవచ్చు. ఆకుల రంగులు మారేటప్పుడు చేసుకుంటానంటావేమో, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అది అద్భుతమే, కానీ గదులు దొరకవు, దొరికినా ధర చూస్తే హాలు పెళ్లే చవకనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. తంతు మొత్తం ఒడ్డున పెట్టుకోకు. గణపతి పూజ, గౌరీ పూజ, స్నాతకం, కన్యాదానం పొద్దున్నే క్యాబిన్లో కానిచ్చెయ్యండి, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది మాత్రం బయట. ఆ వరసలో ఏది ముందో ఏది వెనకో మీ పురోహితుడితో కూర్చుని తేల్చుకోండి, ఇంటింటికీ కొద్దిగా మారుతుంది. మొత్తం మీద బయట నలభై నిమిషాలు దాటకూడదు. అంతకు మించితే పెద్దవాళ్లు వణుకుతారు, పిల్లలు నీళ్లవైపు పరిగెడతారు.

అడ్డుతెర కథ చెబుతానన్నాను కదా. ఆరు గజాల పట్టు సెల్లా, నేనొక చివర, పెళ్లికొడుకు పెద్దమ్మ ఒక చివర. సుముహూర్తానికి రెండు నిమిషాల ముందు సరస్సు మీంచి ఒక్క విసురు వచ్చింది, ఆ తెర తెరచాప అయిపోయింది, నేను రెండు అడుగులు ముందుకి ఈడ్చుకుపోయాను, పెద్దమ్మగారు వదిలేశారు. తెర వెళ్లి పురోహితుడి మీద పడింది. ఆయన దాని కిందనుంచే మంత్రం ఆపకుండా చదివాడు, అది వేరే విషయం. ఆ తర్వాత పెళ్లికి నేనే ఒక చిన్న శాలువా తీసుకుని కింది అంచులో చేపల వలలకి కట్టే సీసపు గుళ్లు కుట్టాను, కదల్లేదు. దీపానికి గాజు చిమ్నీ లాంతరు తీసుకెళ్లండి, ప్రమిద నిలవదు. హారతి కర్పూరం మాట మర్చిపోండి, అది లోపలే. చీర అయితే బరువు జరీది కన్నా మెత్తగా ఒంటికి అంటుకునే నేత చీర నయం, లోపల థర్మల్స్ వేసుకో, ఎవరికీ కనపడవు. కుచ్చిళ్లకి నాలుగు పిన్నులు ఎక్కువ పెట్టించుకో. మైకు పెడతామంటే పార్కుల్లో దానికీ అడగాలి, దానికన్నా కుర్చీలు అర్ధచంద్రంలా దగ్గరగా వేస్తే ముప్పై మందికీ మంత్రం వినపడుతుంది. అలల చప్పుడు మీద గొంతు ఎంతో దూరం పోదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి పెళ్లి ఏదో సరస్సు ఒడ్డున రాళ్ల మీద అంటోంది. ముప్పై మందేనట. మా వైపు చుట్టాలే మూడు వందలు, వాళ్లకి మొహం ఎలా చూపించాలి? ఇక్కడ మా సిద్ధాంతి గారు రాత్రి 9.12కి ముహూర్తం పెట్టారు, అక్కడ అది ఉదయం 10.42 అవుతుందట, సరిపోతుంది కదా?
(ఓ తల్లి, ఖమ్మం)

వదినగారూ, రెండో దానికి ముందు జవాబిస్తాను, ఎందుకంటే అది తప్పిపోతే సరిదిద్దుకోలేం. సరిపోదు. గడియారం మార్చుకుంటే తిథి, నక్షత్రం సరిపోతాయి, అవి ఎప్పుడు మారతాయన్నది భూమి మొత్తానికి ఒకటే క్షణం. లగ్నం అలా కాదు. ఆ క్షణానికి ఆ ఊళ్లో తూర్పున ఏ రాశి ఉదయిస్తోందో అదే లగ్నం. ఆగస్టు ఇరవై ప్రాంతంలో ఖమ్మంలో రాత్రి తొమ్మిది దాటాక మీన లగ్నం నడుస్తుంటే, అదే క్షణంలో మినెసోటాలో దాదాపు ఎదురుగా ఉన్న కన్య నడుస్తుంటుంది. పైగా మన దగ్గర ఒక్కో లగ్నం రమారమి రెండు గంటలు అనుకుంటాం, అంత ఉత్తరాన మీన మేషాలు గంట పైచిలుకులో దాటిపోతాయి, కన్యా తులలు రెండున్నర గంటలు సాగుతాయి. కాబట్టి మీ సిద్ధాంతి గారికి పెళ్లి జరిగే ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి ఆ ఊరికే లెక్క కట్టమనండి. ఉదయం పదిలోపు ఉంటే చాలా మంచిది, పొద్దెక్కే కొద్దీ సరస్సు మీంచి గాలి లేస్తుంది. రాత్రి ముహూర్తం పెడితే మాత్రం మీ అమ్మాయి చీర మీద స్వెట్టరు వేసుకునే తాళి కట్టించుకుంటుంది.

ఇక మొహం చూపించడం. మన పెళ్లి తంతులో మొదట్నుంచి చివరి దాకా వెతకండి, హాలు అనే మాట ఎక్కడా లేదు. అగ్ని, నీళ్లు, ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు, చూసేవాళ్లు, అంతే. మీకు బాధగా ఉండటం నాకు అర్థమైంది, మూడు వందల మంది ఇళ్లల్లో పెళ్లిళ్లకి మీరు వెళ్లి అక్షింతలు వేసి వచ్చారు, ఇప్పుడు మీ వంతు వచ్చేసరికి పిల్ల రాళ్ల మీదికి వెళ్లిపోయింది. అది అప్పు లాంటిదే, తీర్చకపోతే మనసు ఊరుకోదు. పిల్లలు ఇండియా వచ్చినప్పుడు ఖమ్మంలో ఒక పూట వ్రతం పెట్టుకుని అందరికీ భోజనాలు పెట్టండి. ఆ మాట అమ్మాయి దగ్గర ఇప్పుడే తీసుకోండి, పెళ్లయ్యాక లీవు లేదంటుంది. పెళ్లి వీడియో లైవ్‌లో చూపిస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి, ఆ ఒడ్డున ఫోను సిగ్నలు చాలాచోట్ల ఉండదు, ఉన్నా మధ్యలో ఆగుతుంది, సరిగ్గా మూడు ముళ్ల దగ్గర ఆగిందని మా పెద్దత్త నాతో ఇప్పటికీ దెప్పుతుంది. రికార్డు చేసి సాయంత్రం పంపమనండి.

మీరు తెచ్చే పెట్టెలో ఉన్ని సాక్సులు, మంకీ క్యాపు, మందమైన శాలువా ఉండాలి, ఆగస్టే కదా అనుకోవద్దు. తాంబూలం పళ్లాలు ఇత్తడివి కాకుండా తేలికైన స్టీలువి చాలు. కుందులు, బాసికాలు, మధుపర్కాలు మాత్రం అక్కడ మీకు నచ్చినవి దొరక్కపోవచ్చు, అవి మీరే తీసుకురండి.

ప్రశ్న: నేను పెళ్లికొడుకుని. ఒడ్డున పెళ్లి అయితే చట్టప్రకారం ఏదైనా తేడా ఉంటుందా? ఇంకొకటి, హోమం రాళ్ల మీద చేయొచ్చా? మా ఫ్రెండ్స్ రాయికి నిప్పంటుకోదుగా అంటున్నారు.
(ఓ పాఠకుడు, రోచెస్టర్, మినెసోటా)

మొదటిది తేలిక. ఒడ్డయినా, హాలయినా, మీ ఇంటి గ్యారేజీ అయినా చట్టానికి ఒకటే. మినెసోటాలో ఏ కౌంటీలోనైనా మ్యారేజ్ లైసెన్సు తీసుకోవచ్చు, 115 డాలర్లు, పన్నెండు గంటల పెళ్లి ముందు కౌన్సెలింగ్ క్లాసులు చేసి సర్టిఫికెట్ చూపిస్తే 40. ఆ 75 డాలర్ల కోసం క్లాసులకి వెళ్లిన ఒక జంట నాకు తెలుసు, డబ్బు గురించి ఎలా పోట్లాడుకోవాలో అక్కడ నేర్చుకున్నామని చెప్పారు, కాబట్టి లాభమే. లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, అది మినెసోటా లోపల జరిగే పెళ్లికే. సరస్సు అవతలి వైపు విస్కాన్సిన్ ఒడ్డు నచ్చి అక్కడికి మార్చారంటే ఈ కాగితం పనికిరాదు. సాక్షులు ఇద్దరు, 16 ఏళ్లు నిండినవాళ్లు కావాలి. అందరూ మర్చిపోయేది పురోహితుడి కాగితం, ఆయన పత్రాలు మినెసోటాలో ఏదో ఒక కౌంటీలో నమోదై ఉండాలి. మేపుల్ గ్రోవ్ హిందూ టెంపుల్ లాంటి ఇక్కడి గుడుల్లో పనిచేసేవారికి సాధారణంగా ఉంటుంది, వేరే రాష్ట్రం నుంచి మీ బాబాయి గారి స్నేహితుణ్ణి పిలిపిస్తుంటే మాత్రం ముందే అడగండి. సంతకాలు ఒడ్డున పెట్టకండి. గాలికి కాగితం ఎగిరి లేక్ సుపీరియర్‌లో పడితే తీసుకొచ్చేవాడు ఉండడు. క్యాబిన్లో డైనింగ్ టేబుల్ మీద, పైన ఓ గ్లాసు బరువు పెట్టి.

రెండోదానికి మీ ఫ్రెండ్స్ చెప్పింది సగమే నిజం. రాయికి అంటుకోదు, రాయి వెనకాల ఉన్న బర్చి, స్ప్రూస్ చెట్లకి అంటుకుంటుంది. అక్కడ ఎండిన సూదులాకులు, పైన గాలి. స్టేట్ పార్కుల్లో నిప్పు అంటే వాళ్లు పెట్టిన ఇనుప చట్రాల్లోనే, ఎండ ముదిరిన వారాల్లో నిప్పు మీద ఆంక్షలు కూడా పెడతారు, అది పెళ్లి రోజు ఉదయం చూసుకోవాల్సిన విషయం. క్యాబిన్ ముందు నిప్పు పెట్టుకునే చట్రం ఉంటే, ఓనరు ఒప్పుకుంటే, అక్కడ చిన్న రాగి కుండంలో హోమం చేసుకోండి. పక్కన రెండు బకెట్ల నీళ్లు, ఒక మనిషి. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకండి, ఫొటోలు తీయమని అసలు చెప్పకండి. కట్టెలు కూడా ఇంటి నుంచి మోసుకెళ్లకూడదు, చెట్లని చంపే పురుగులు వాటితో వస్తాయని ఇక్కడ గట్టి నియమం ఉంది, అక్కడే కొన్న ధ్రువీకరించిన కట్టెలు వాడాలి. నెయ్యి తగ్గించండి. బయట గాలిలో చిన్న హోమానికి నాలుగు చుక్కలు చాలు, ఫొటో కోసం గరిటెతో పోస్తే మంట పంచె అందుకుంటుంది. పంచె అన్నాను కాబట్టి, లోపల బెల్టు పెట్టుకోండి. సప్తపది మధ్యలో చేతులు రెండూ పంచె మీదే పెట్టుకున్న పెళ్లికొడుకుని చూశాను.

ప్రశ్న: పెళ్లి అయ్యాక ఇద్దరం నీళ్లలోకి దిగి నడుం లోతులో ఫొటోలు తీసుకోవాలని మా ఫొటోగ్రాఫర్ ఐడియా. ఓకేనా?
(పేరు వద్దు, డులూత్)

వద్దు.

రెండు మాటల్లో ఎందుకో కూడా చెబుతాను. దాని విస్తీర్ణం 82 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో ముప్పాతిక వంతుకి కాస్త తక్కువ, లోతు ఒకచోట 406 మీటర్లు. ఒడ్డు దాటగానే లోతు మొదలవుతుంది, అంత చల్లటి నీళ్లలో ఒక్కసారి ముంచితే ఊపిరి ఎగబీల్చుకుంటుంది, మనం ఆపుకోలేం, ఆ బిగువులోనే నీళ్లు మింగుతాం. పట్టుచీర తడిస్తే బరువు ఎంతో తెలుసు కదా. 1975 నవంబరు 10న 729 అడుగుల ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే ఓడ తుపానులో ఈ సరస్సులోనే మునిగింది, 29 మంది పోయారు, ఒక్కరూ తిరిగి రాలేదు. అది నవంబరు తుపానే, మీది ఆగస్టే, ఒప్పుకుంటాను. అయినా ఫొటోగ్రాఫర్‌ని ముందు దిగమనండి, ఐడియా ఆయనది కదా. పిల్లలు ఒడ్డు దగ్గర ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్లు వేయండి, ఫొటోల్లో బాగోదని తీసేయకండి.

ప్రశ్న: భోజనాలు, తలంబ్రాలు ఎలా ప్లాన్ చేయాలి అక్కా? మేం అమ్మాయి వైపు ఫ్రెండ్స్, ఆ డ్యూటీ మాది.
(ముగ్గురు పాఠకురాళ్లు, బ్లూమింగ్టన్)

తలంబ్రాల్లో ఈ మధ్య థర్మాకోల్ పూసలు, చమ్కీలు కలుపుతున్నారు, ఒక్కటి కూడా వద్దు. అవి గాలికి పోయి నీళ్లలో తేలుతాయి, మళ్లీ ఏరలేరు. పసుపు బియ్యం మాత్రమే, అది కూడా దోసిలి దోసిలికి కొద్దిగా. కింద రెండు పాత కాటన్ దుప్పట్లు కలిపి కుట్టి పరవండి, నాలుగు మూలలా రాళ్లు పెట్టండి, అయ్యాక మూలలు కలిపి మూట కట్టేస్తే ఒక్క గింజ మిగలదు. మొదటిసారి మేం దుప్పటి పరవలేదు. బండ పగుళ్లలో ఇరుక్కున్న బియ్యాన్ని నలుగురం పిన్నీసులతో తీశాం, తీస్తుండగానే సముద్రపు కాకుల్లాంటి పెద్ద తెల్ల పక్షులు, గల్స్, నలభై వచ్చి వాలాయి, అవి బియ్యంతో ఆగలేదు, పులిహోర ట్రే మీదికి వచ్చాయి. అక్షింతలు అందరికీ చిన్న మూత డబ్బాల్లో పంచండి, పళ్లెంలో తిప్పితే సగం ఎగిరిపోతాయి. కొబ్బరికాయ బండ మీద కొట్టాలని ఎవరో ఒక బాబాయి సరదాపడతారు, చెక్కులు జారి నీళ్లలోకి పోతాయి, పక్కనే టబ్బులో కొట్టించండి.

భోజనం మినియాపోలిస్ నుంచే తీసుకెళ్లండి, పైన అంత దూరంలో మన వంట ఆశ పెట్టుకోకండి. ప్రయాణానికి నిలిచేవి ఏవో మన అమ్మమ్మలు ఎప్పుడో తేల్చేశారు. పులిహోర, దద్ధ్యోజనం, బొబ్బట్లు. గారెలు అయితే విడిగా వేడి చేసుకోవాలి. పొద్దున పూట ఒడ్డు నుంచి లోపలికి వచ్చినవాళ్లకి వేలు కాలేంత వేడి మిరియాల చారు ఒక్కో స్టీలు గ్లాసు ఇచ్చి చూడండి, ఆ తర్వాత మీరేం పెట్టినా బాగుందంటారు. దాన్ని పెద్ద ఫ్లాస్కుల్లో పోసి ఒడ్డుకే తెచ్చినా తప్పు లేదు. రాత్రి మిగిలిన ట్రేలు క్యాబిన్ వరండాలో వదిలెయ్యకండి, అటువైపు నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. చెత్త సంచి కూడా లోపలే.

ప్రశ్న: అరుంధతీ నక్షత్రం పగలే చూపిస్తారు కదా, ఏమీ కనపడదు, అందరం తలూపుతాం. ఈ ఒడ్డున అయినా నిజంగా చూడొచ్చా?
(మొదటి ఉత్తరం రాసిన అమ్మాయే, మళ్లీ)

ఈ ప్రశ్న అడిగినందుకు నీ పెళ్లికి నేను రాకపోయినా కట్నం పంపుతాను. చూడొచ్చు, హాయిగా. అరుంధతీ వసిష్ఠులు సప్తర్షి మండలం తోక మధ్యలో ఉంటారు. మన హైదరాబాదు నుంచి ఆ మండలం కొన్ని నెలలు సాయంత్రంపూట కనపడదు, కింద దిగంతంలోకి దిగిపోతుంది. ఆ ఒడ్డు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అక్కడ వసిష్ఠుడు ఏడాదిలో ఏ రాత్రీ అస్తమించడు. ఆగస్టులో పొద్దు గుంకేసరికి ఎనిమిదిన్నర దగ్గరవుతుంది, తొమ్మిదిన్నర, పది దాకా ఆగాలి, చుట్టూ ఊళ్ల వెలుగు లేదు కాబట్టి ఆకాశం నిజంగా నల్లగా ఉంటుంది. అందరూ సరస్సు వైపు తిరిగి వెతుకుతారు, అది తప్పు, సరస్సు అక్కడ ఆగ్నేయంగా ఉంటుంది. దానికి వీపు పెట్టి కొండల వైపు, వాయవ్యంగా చూడాలి. గరిటె ఆకారం దొరుకుతుంది, కాడలో మధ్య చుక్క వసిష్ఠుడు, అతనికి ఆనుకుని చిన్నగా మినుకుమనేది అరుంధతి.

పొద్దున్న పురోహితుడు చూపించినప్పుడు మామూలుగా తలూపెయ్, రాత్రి మళ్లీ బయటికి రా. క్యాబిన్ వరండా లైటు ఆర్పించు, కళ్లు అలవాటు పడటానికి పది నిమిషాలు పడుతుంది. అమ్మమ్మకి కుర్చీ వేసి, కాళ్ల మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టు. దూరం చూపు కళ్లద్దాలు మర్చిపోకుండా తెచ్చుకోమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, చదువుకునేవి తెచ్చుకుంటే మళ్లీ తలూపాల్సిందే.